అన్నప్రాశన తరువాత: ఏడాది బిడ్డ ముద్ద వద్దంటే

షోడశ సంస్కారాలలో అన్నప్రాశన ఒకటి. ఆశ్వలాయన గృహ్యసూత్రం దీనికి ఆరవ మాసాన్ని విధించింది. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆ తరువాత తల్లిపాలతో పాటు మెత్తని ఆహారం మొదలుపెట్టమని నేటి వైద్యశాస్త్రమూ చెబుతున్నది. ఆలయ మండపంలోనో, ఇంటి దేవుని ఎదుటనో జరిగే ఆ వేడుక రోజున ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. మరి ఆరు నెలలు గడిచి, బిడ్డకు మొదటి పుట్టినరోజు దాటేసరికి అదే ఇంట మరొక దృశ్యం కనిపిస్తుంది. తల్లి గిన్నె పట్టుకొని వెంటపడుతుంది. బిడ్డ పెదవులు బిగించి తల తిప్పేస్తుంది. నిన్నటి వరకు ఇష్టంగా తిన్న పప్పన్నాన్ని నేడు ఉమ్మివేస్తుంది. ‘బిడ్డ ఏమీ తినడం లేదు’ అన్న దిగులు ఇంటిని ఆవరిస్తుంది.

ఈ దిగులు ఎంతవరకు అవసరం? ఏది సహజం, ఏది అనారోగ్య లక్షణం? బిడ్డ వద్దన్నప్పుడు పెద్దలు ఏమి చేయాలి, ఏమి చేయరాదు? ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

వేడుకలో దాగిన పాఠం

అన్నప్రాశన నాడు మన ఇళ్లలో ఒక ఆచారం ఉంది. బిడ్డ ఎదుట పుస్తకం, కలం, బంగారం, ధాన్యం, పువ్వులు మొదలైనవి ఉంచుతారు. బిడ్డ పాకుతూ వెళ్లి దేనిని ముట్టుకుంటుందా అని అందరూ ఎదురుచూస్తారు. ఎదుట ఏయే వస్తువులు ఉంచాలో నిర్ణయించేది పెద్దలు. వాటిలో దేనిని తాకాలో నిర్ణయించేది బిడ్డ. బిడ్డ చేతిని పట్టుకొని బలవంతంగా పుస్తకం మీద పెట్టించేవారు ఎవరూ ఉండరు. అలా చేస్తే ఆ వేడుకకు అర్థమే లేదు.

బిడ్డకు అన్నం పెట్టడంలోనూ పాటించవలసిన ధర్మం ఇదే. ఎదుట మంచి ఆహారాన్ని ఉంచడం పెద్దల బాధ్యత. దానిలో ఎంత తినాలో తేల్చుకోవడం బిడ్డ పని. ఈ రెండు పనులను కలగాపులగం చేసినప్పుడే భోజన సమయం యుద్ధంగా మారుతుంది.

ఆకలి ఎందుకు తగ్గుతుంది?

మొదట లెక్కలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ఎదుగుదల ప్రమాణాల ప్రకారం మగ శిశువు సగటు జనన బరువు 3.3 కిలోలు. ఏడాది నిండేసరికి అది 9.6 కిలోలవుతుంది. అంటే మొదటి సంవత్సరంలో ఆరు కిలోలకు పైగా పెరుగుదల. రెండవ పుట్టినరోజు నాటికి సగటు బరువు 12.2 కిలోలు. అంటే రెండవ సంవత్సరమంతటికీ కలిపి పెరిగేది రెండున్నర కిలోలకు కొంచెం పైన మాత్రమే. ఆడపిల్లలలో ఈ సగటు ఏడాదికి 8.9 కిలోలు, రెండేళ్లకు 11.5 కిలోలు.

ఎదుగుదల వేగం సగానికి పైగా తగ్గినప్పుడు ఆకలి జోరు కూడా మందగించడం ప్రకృతి సహజం. ‘తొమ్మిదవ నెలలో గిన్నెడు తినేది, ఇప్పుడు నాలుగు ముద్దలకే లేచిపోతున్నది’ అని తల్లి చెప్పే మాటలో చాలాసార్లు రోగం లేదు, ప్రకృతి లెక్క ఉంది.

దీనికి తోడు ఈ వయసు బిడ్డ కడుపు చాలా చిన్నది. కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున లెక్కిస్తే, తొమ్మిది కిలోల బిడ్డ కడుపులో ఒక పూటకు పట్టేది పావులీటరుకు కొంచెం పైన మాత్రమే. మనం పెద్ద గిన్నె నిండా కలిపి, సగం మిగిలిందని బాధపడుతున్నామంటే, పొరపాటు గిన్నె పరిమాణంలో ఉందేమో ముందుగా చూసుకోవాలి.

పళ్లు రావడం మరొక కారణం. పదమూడవ నెల నుండి పందొమ్మిదవ నెల మధ్య మొదటి దవడ పళ్లు మొలుస్తాయి. చిగుళ్లు నొప్పిగా ఉన్న రోజులలో బిడ్డ గట్టి ఆహారాన్ని తోసివేస్తుంది. జలుబు, జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడూ, తగ్గిన కొన్ని రోజుల వరకూ ఆకలి ఉండదు.

వద్దనడమూ ఎదుగుదలే

ఏడాది దాటిన బిడ్డ నడక నేర్చుకుంటుంది. ప్రపంచమంతా కొత్తగా కనిపిస్తుంది. ఒకచోట కూర్చొని తినడం కంటే కుర్చీ ఎక్కి దిగడమే ముఖ్యమనిపిస్తుంది. తాను వేరు, అమ్మ వేరు అన్న స్పృహ ఈ వయసులోనే బలపడుతుంది. ఇంకా మాటలు రాని బిడ్డకు తన ఇష్టాన్ని ప్రకటించే సాధనాలు రెండే: తల తిప్పడం, నోరు మూయడం. ఆ భాషను మనం అర్థం చేసుకోవాలి.

కొత్త పదార్థాన్ని చూసి జంకడం కూడా రెండవ సంవత్సరంలో మొదలై, రెండు నుండి ఆరేళ్ల మధ్య బలంగా కనిపించే లక్షణం. నడవడం నేర్చిన పసివాడు కంటపడిన ప్రతి ఆకునూ, కాయనూ నోట్లో వేసుకోకుండా ఈ జంకు కాపాడుతుంది. కావున కొత్త కూరను ఒకసారి ఉమ్మివేసినంత మాత్రాన అది బిడ్డకు పడదని తీర్మానించరాదు. ఒకే పదార్థాన్ని ఎనిమిది నుండి పదిహేను సార్లు, ఒత్తిడి లేకుండా, వేర్వేరు రోజులలో రుచి చూపిన తరువాతనే చాలామంది పిల్లలు దానిని అంగీకరిస్తారు. మనమేమో రెండు మూడుసార్లకే ‘మా వాడికి సొరకాయ ఇష్టం లేదు’ అని పేరుపెట్టి మానేస్తాం.

బలవంతం వల్ల కలిగే కీడు

కాళ్లమీద పడుకోబెట్టి, ముక్కు మూసి, నోరు తెరిచినప్పుడు ఉగ్గుగిన్నెతో పోయడం కొన్ని ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఇది అత్యంత ప్రమాదకరం. ఏడుస్తున్న బిడ్డ గాలి పీల్చే క్షణంలో ఆహారం శ్వాసనాళంలోకి జారి, ఊపిరాడకపోవచ్చు, లేదా ఊపిరితిత్తులలో వాపు రావచ్చు. ప్రేమతో చేసే పనే ప్రాణాపాయం కాగలదు. ఈ అలవాటు ఏ ఇంట ఉన్నా నేడే మానివేయాలి.

ఒత్తిడిలో కంటికి కనిపించని కీడు మరొకటి ఉంది. కడుపు నిండిందని శరీరం ఇచ్చే సంకేతాన్ని గుర్తించే శక్తితోనే బిడ్డ పుడుతుంది. ప్రతిపూటా ‘ఇంకొక్క ముద్ద’ అని కూరుతూ పోతే ఆ శక్తి మొద్దుబారుతుంది. అన్నం అంటేనే భయం, గిన్నె కనబడగానే ఏడుపు మొదలవుతాయి. బిడ్డ మరింత తక్కువ తింటుంది. పెద్దలు మరింత బలవంతం చేస్తారు.

సెల్‌ఫోన్ చూపుతూ తినిపించడం బలవంతానికి మరో రూపమే. బొమ్మల మీద దృష్టి నిలిచిన బిడ్డకు తాను ఏమి తింటున్నదో, ఎంత తింటున్నదో తెలియదు. రెండేళ్లలోపు పిల్లలకు తెర ఎదుట సమయం అసలే వద్దని భారతీయ శిశువైద్యుల సంఘం 2021 మార్గదర్శకాలలో స్పష్టం చేసింది. ‘వెనుకటివారు చందమామను చూపి గోరుముద్దలు పెట్టలేదా?’ అని కొందరు అడుగుతారు. పెట్టారు. అయితే అక్కడ తల్లి బిడ్డతో మాట్లాడుతున్నది, బిడ్డ కళ్లలోకి చూస్తున్నది, నోరు తెరిచే వరకు ఆగుతున్నది. ఫోను ముందు తల్లీ బిడ్డా ఒకరినొకరు చూసుకోరు.

పెద్దల పని, బిడ్డ పని

అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ 1980ల నుండి ఒక సులువైన సూత్రాన్ని ప్రచారం చేశారు. ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అన్నవి పెద్దలు నిర్ణయించాలి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నవి బిడ్డ నిర్ణయించుకోవాలి. నేడు అనేకమంది శిశువైద్యులు ఇదే సలహా ఇస్తున్నారు.

దీనికి చాలా ముందే క్లారా డేవిస్ అనే అమెరికా వైద్యురాలు ఒక ప్రయోగం చేశారు. 1928లో దాని తొలి ఫలితాలను ప్రకటించారు. 1939 నాటికి పదిహేనుమంది పిల్లల వివరాలను సమర్పించారు. అప్పుడే పాలు మాన్పించిన శిశువుల ఎదుట సహజమైన ఆహారపదార్థాలను ఉంచారు. జాబితాలో మొత్తం ముప్పై నాలుగు పదార్థాలు ఉన్నాయి. బిడ్డ చేయి చాపినప్పుడో, చూపినప్పుడో మాత్రమే దాది అందించాలి, పొగడరాదు, బతిమాలరాదు. ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క తీరున తిన్నది. ఒకపూట విపరీతంగా, మరొక పూట నామమాత్రంగా తిన్నవారున్నారు. అయినా పిల్లలందరూ చక్కగా ఎదిగారు.

అయితే ఈ ప్రయోగాన్ని సగమే అర్థం చేసుకోరాదు. అసలు కీలకం ఆ జాబితాలోనే ఉందని డేవిస్ స్వయంగా చెప్పారు. అందులో చక్కెర లేదు, మిఠాయి లేదు, పిండివంట లేదు. పెద్దలు ఎంచి ఉంచినవన్నీ మేలైనవే కనుక బిడ్డ దేనిని ఎంచుకున్నా నష్టం లేకపోయింది. ఇంటిలో బిస్కెట్ల పొట్లాలు, చిప్స్ సంచులు బిడ్డ చేతికి అందేలా ఉంచి, ‘వాడి ఇష్టానికి వదిలేశాం’ అనడం స్వేచ్ఛ కాదు. అది పెద్దలు తమ పనిని వదిలివేయడమే.

ఆచరణలో పెట్టే విధానం

వేళలు: ఏడాది నుండి రెండేళ్ల వయసులో రోజుకు మూడు నాలుగు భోజనాలు, వాటి మధ్య ఒకటి రెండు చిరుతిళ్లు చాలు. తల్లిపాలు రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించవచ్చు. భోజనానికీ భోజనానికీ మధ్య రెండు మూడు గంటల విరామం ఉండాలి. ఆ విరామంలో బిస్కెట్టు, పాలు, పండ్లరసం ఇస్తూ పోతే ఆకలి పుట్టదు. ఉదాహరణకు ఉదయం ఎనిమిదికి ఇడ్లీ, లేదా నెయ్యి వేసిన పెసరపప్పు పొంగలి. పదకొండుకు అరటిపండు, బొప్పాయి వంటి మెత్తని పండు. మధ్యాహ్నం ఒంటిగంటకు పప్పు, ఆకుకూర కలిపిన మెత్తని అన్నం. సాయంత్రం నాలుగున్నరకు రాగి జావ, లేదా ఉడికించిన చిలగడదుంప. రాత్రి ఏడున్నరకు కూరతో అన్నం, చివర రెండు ముద్దలు పెరుగన్నం.

పరిమాణం: ఒక పూటకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పావు వంతు నుండి పూర్తి గిన్నె వరకు ఈ వయసు బిడ్డ లక్ష్యం. అయితే మొదట రెండు మూడు చెంచాలే వడ్డించండి. తిన్నాక మళ్లీ వడ్డించండి. నిండు గిన్నెను చూసి బిడ్డ బెదురుతుంది, మిగిలినది చూసి తల్లి బెదురుతుంది. ఒకపూట తక్కువ తిన్నదని కాక, వారం మొత్తంలో ఏమేమి తిన్నదో చూడండి.

పాలు: అన్నం తినలేదని జాలిపడి పాలసీసా ఇవ్వడం చాలా ఇళ్లలో జరిగే పని. పాలతో కడుపు నిండిన బిడ్డ అన్నం అడగదు. ఆవుపాలు, గేదెపాలు రోజుకు అర లీటరు మించరాదు. సీసా మాన్పించి చిన్న గ్లాసుతో తాగించాలి. పాలు భోజనానికి ముందు కాక, భోజనానికి దూరంగా ఇవ్వాలి.

కొత్త రుచి: కొత్త పదార్థాన్ని బిడ్డకు ఇష్టమైన పదార్థం పక్కన చిటికెడు ఉంచండి. ముట్టుకున్నా చాలు, వాసన చూసినా చాలు. తినకపోతే మాట్లాడక తీసివేసి, నాలుగు రోజుల తరువాత మరొక రూపంలో పెట్టండి. తోటకూర పప్పులో నచ్చకపోతే పెసరట్టులో నచ్చవచ్చు. సొరకాయ కూరగా వద్దన్న బిడ్డ పెసరపప్పుతో కలిపి ఉడికిస్తే తినవచ్చు.

చేతికి పని: ఈ వయసు బిడ్డ తన చేతితో తినాలని ఆరాటపడుతుంది. ఇడ్లీ ముక్కలు, మెత్తగా ఉడికిన క్యారెట్ ముక్కలు, చిన్న అన్నపు ముద్దలు పళ్లెంలో ఉంచండి. ఒళ్లంతా పూసుకుంటుంది, నేలమీద చిందిస్తుంది. అది అన్నాన్ని అవమానించడం కాదు, నేర్చుకోవడం. కింద ఒక గుడ్డ పరిచి, కొద్దికొద్దిగా వడ్డిస్తే వృథా తగ్గుతుంది.

అందరితో కలిసి: తనకు మాత్రమే వేరుగా గిన్నె తెచ్చి, చుట్టూ నలుగురు చేరి నోటిలోకి చూస్తుంటే ఎవరికైనా ముద్ద దిగదు. పెద్దలు తినేవేళ బిడ్డనూ పక్కన కూర్చోబెట్టండి. కారం, ఉప్పు వేయకముందే బిడ్డ భాగం తీసి ఉంచితే చాలు, వేరే వంట అవసరం లేదు. అమ్మమ్మ, తాత, అన్నయ్య అదే కూర తింటుండగా చూసి బిడ్డ నేర్చుకుంటుంది.

ముగింపు: ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. తల తిప్పినా, నోరు మూసినా, గిన్నె తోసినా భోజనం ముగిసినట్టే. చిరునవ్వుతో గిన్నె తీసివేయండి. తిడితే కీడు, తిన్నందుకు చాక్లెట్టు బహుమతిగా ఇస్తే మరింత కీడు. అన్నం శిక్ష, చాక్లెట్టు వరం అని అప్పుడు మనమే నేర్పినట్టవుతుంది.

రక్తహీనతను మరువరాదు

‘పెద్దయ్యాక తానే తింటుంది’ అని పూర్తిగా ఊరుకోవడమూ తగదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుండి అయిదేళ్లలోపు పిల్లలలో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది. ఆకలి మందగిస్తే ఇనుము మరింత తగ్గుతుంది. పాలు ఎక్కువగా, అన్నం తక్కువగా తీసుకొనే బిడ్డ ఈ చక్రంలో సులభంగా చిక్కుకుంటుంది. పాలలో ఇనుము అత్యల్పం. పైగా అధికంగా తాగితే, ఇతర ఆహారంలోని ఇనుము శరీరానికి పట్టకుండా అడ్డుపడతాయి.

పప్పులు, తోటకూర, మునగాకు, రాగులు, నువ్వుల పొడి బిడ్డ ఆహారంలో తరచు ఉండాలి. తినే అలవాటున్న ఇళ్లలో బాగా ఉడికించిన గుడ్డు, చేప, మాంసం కూడా మెత్తగా చేసి పెట్టవచ్చు. శాకాహారంలోని ఇనుము ఒంటపట్టడానికి పులుపు తోడ్పడుతుంది. పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం, భోజనం తరువాత జామ లేదా బత్తాయి గుజ్జు మేలు చేస్తాయి. బిడ్డకు టీ, కాఫీ అలవాటు చేయరాదు.

రక్తహీనత నివారణకు ఆరు నెలల నుండి అయిదేళ్ల పిల్లలకు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన సిరప్ ప్రభుత్వం ద్వారా అందుతుంది. ఏడాది దాటిన పిల్లలకు నులిపురుగుల నివారణ దినాలలో ఆల్బెండజోల్ సగం మాత్రను పొడిచేసి నీటిలో కలిపి ఇస్తారు. ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచరునో అడిగి వీటిని తప్పక పొందండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని పెద్దలు పంచుకొనక బిడ్డకే వినియోగించాలి.

ప్రసాదం విషయంలో జాగ్రత్త

భక్తులు పసిపిల్లలతో ఆలయానికి వస్తారు. ప్రసాదాన్ని కాదనలేరు, కాదనవలసిన అవసరమూ లేదు. అయితే పులిహోరలోని వేరుశెనగ గింజ, లడ్డులోని జీడిపప్పు, గుగ్గిళ్లలోని శనగ, కొబ్బరిముక్క, కలకండ, ఇవన్నీ పసివారి గొంతుకు అడ్డుపడగలవు. గట్టి గింజలను, ముక్కలను అయిదేళ్లలోపు పిల్లలకు అలాగే ఇవ్వరాదు. వాటిని ఏరివేసి, మెత్తని భాగాన్ని రవ్వంత నాలుకకు తాకిస్తే చాలు. ద్రాక్షపండును నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. పడుకొని ఉన్నప్పుడు, పరుగెత్తుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు ఏమీ పెట్టరాదు. ఏడాది నిండని శిశువుకు తేనె నాకించడం కూడా మానాలి. దానిలో ఉండగల సూక్ష్మక్రిములు ఆ వయసువారికి ప్రాణాంతకమైన వ్యాధిని తేగలవు.

దూరయాత్రలలో వేళ తప్పి, నిద్ర చెదిరి బిడ్డ అన్నం మానడం సహజం. ఆ రెండు రోజులు అరటిపండు, ఇడ్లీ, తల్లిపాలు, కాచి చల్లార్చిన నీరు ఆధారంగా గడపవచ్చు. కేకు, కూల్‌డ్రింకులతో ఆకలి తీర్చరాదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు వెళ్లాలి?

బిడ్డ హుషారుగా ఆడుకుంటూ, బరువు క్రమంగా పెరుగుతూ ఉంటే తక్కువ తిన్నా భయం లేదు. అందుచేత నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించి, తల్లీబిడ్డల రక్షణ కార్డులోని గీత ఎటు పోతున్నదో చూడాలి. కంటి అంచనా కంటే ఆ గీత నమ్మదగినది. కింది లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయరాదు.

• రెండు మూడు నెలలుగా బరువు పెరగకపోవడం, లేదా తగ్గడం. భుజానికీ మోచేతికీ మధ్య చేతి చుట్టుకొలత 12.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉండడం. అది 11.5 కంటే తక్కువైతే తీవ్ర పోషకాహార లోపం, వెంటనే చికిత్స అవసరం.
• మింగేటప్పుడు దగ్గు, పొలమారడం, తరచు వాంతులు.
• ముఖం, గోళ్లు పాలిపోవడం. మట్టి, సుద్ద, సున్నం తినాలని వెతకడం.
• జ్వరం లేదా విరేచనాలతో పాటు ఏమీ తాగకపోవడం, ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, మందకొడిగా పడి ఉండడం.
• ముక్కలుగా ఉన్న ఏ ఆహారాన్నీ అంగీకరించక మెత్తటి జావతోనే ఉండడం. పిలిస్తే పలకకపోవడం, కళ్లలోకి చూడకపోవడం.

ఆకలి పెంచుతాయని చెప్పే టానిక్కులను దుకాణంలో అడిగి కొనరాదు. వైద్యుడు పరీక్షించి కారణం తెలుసుకున్న తరువాతనే మందు.

ఇంటి పెద్దలకు ఒక మాట

బిడ్డ సన్నగా ఉంటే మొదటి నింద తల్లిమీద పడుతుంది. ‘నీకు పెట్టడం చేతకాదు’, ‘పక్కింటి పిల్లవాడు చూడు ఎలా ఉన్నాడో’ అన్న మాటలు అత్తగారి నోటనో, చుట్టపుచూపుగా వచ్చినవారి నోటనో వినిపిస్తాయి. ఆ మాట విన్న తల్లి తరువాతి పూట బిడ్డ నోట మరో రెండు ముద్దలు బలవంతంగా కూరుతుంది. అంటే మనం తల్లిని ఒత్తిడి చేస్తే ఆ ఒత్తిడి చేరేది బిడ్డ గొంతుకే. పిల్లల ఎత్తు, బరువు తల్లిదండ్రుల శరీరతత్త్వాన్ని బట్టి కూడా ఉంటాయి. పోల్చవలసింది పక్కింటి బిడ్డతో కాదు, అదే బిడ్డ గతనెల బరువుతో.

అత్తగారు, మామగారు, తండ్రి చేయగల మేలు చాలా ఉంది. ఒకపూట బిడ్డకు అన్నం పెట్టే పనిని తండ్రి తీసుకోవచ్చు. నాయనమ్మ తన పళ్లెం పక్కన మనవరాలిని కూర్చోబెట్టుకొని, తాను తింటూ కబుర్లు చెప్పవచ్చు. తాతగారు బిస్కెట్టు పొట్లానికి బదులు రెండు అరటిపండ్లు తేవచ్చు. ఇంటిలో అందరూ ఒకే పద్ధతిని పాటిస్తే కొన్ని వారాలలోనే మార్పు కనిపిస్తుంది.

అతిథికి మనం ఎలా వడ్డిస్తామో తలచుకోండి. శుచిగా వండుతాం, వేళకు పిలుస్తాం, కొసరి అడుగుతాం, చాలునంటే ఆగుతాం. విస్తరి ముందు కూర్చున్న అతిథి నోరు పట్టి తెరవం. మన ఇంటికి వచ్చి ఏడాదే అయిన ఈ చిన్ని అతిథికి కూడా అంతటి గౌరవం ఇవ్వాలి. మంచి ఆహారాన్ని వేళకు ఎదుట ఉంచి, ఓపికతో పక్కన కూర్చొని, బిడ్డ చాలునన్నప్పుడు గిన్నె తీసివేయాలి. నెలకొకసారి బరువు తూయించి నిశ్చింతగా ఉండాలి.